ఆడుతున్న చెయ్యి

గిన్నెలు తోముతుంటే గ్లాసు పగిలింది. చేతిలోంచి జారిన సంగతి నాకు చప్పుడు వింటే గాని తెలియలేదు. కుడి చెంప నుంచి కాలివేళ్ల దాకా ఒక పక్కంతా మొద్దుబారింది. "చేతుల్లో సత్తువ లేదా?" అన్నారు అత్తయ్య హాల్లోంచి. గాజు ముక్కలు ఏరాను. వేలు తెగి రక్తం కారుతుంటే, అది నా వేలేనని కళ్లు చెప్పాయి.

ఆఫీసుకు వెళ్లాను. పెన్ను ఎక్కడ పట్టుకున్నానో చూసుకుంటే తప్ప తెలియడం లేదు. పక్క సీటావిడ నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది. మా ఆయన వచ్చేసరికి స్కానింగ్ అయిపోయింది.

"స్ట్రోకా? మూతి వంకర పోలేదు, మాట బాగానే ఉందే," అన్నారు ఆయన.

"ఏ వీధి కుళాయి ఆగితే ఆ వీధికే నీళ్లుండవు కదండీ," అంది డాక్టరమ్మ. "మెదడులో ఎడమవైపు పెద్ద రక్తనాళం మూసుకుంటే మాట పోయేది, కుడి చెయ్యి పడిపోయేది. వెనకవైపుదైతే చూపు పోయేది. నాళం చిట్లితే అది ఇంకో రకం. ఈవిడకి లోపల వెంట్రుకంత కొమ్మ ఒకటి మూసుకుంది. అది స్పర్శకి దారి."

"అయితే చెయ్యి పనిచేస్తుందన్నమాట," అని ఆయన ఊపిరి పీల్చుకున్నారు.

ఆవిడ ఒక్క క్షణం నా వైపు చూసింది. "కొన్నాళ్లు పొయ్యి దగ్గరికీ కత్తి దగ్గరికీ పంపకండి," అంది.

ఇంటికొచ్చిన మూడో రోజే అత్తయ్య అననే అన్నారు, "ఆడుతున్న చేతికి విశ్రాంతేమిటి?" అని. జ్వరమొచ్చినప్పుడు "నడుస్తున్నావుగా" అన్నారు. పురుడైన పదో రోజున "లేచావుగా" అన్నారు. మంచం పట్టి ఉంటే నమ్మేవాళ్లేమో. ఇలా అనుకున్నా నాకు కోపం రాలేదు. ఏదీ రాలేదు.

ఐదో రోజు గుడ్డ పట్టుకోవడం మరిచి కుడిచేత్తో పాలగిన్నె దించాను. కమురు వాసన వచ్చింది. చూస్తే అరచేతి మీద చర్మం తెల్లగా లేచి ఉంది. ఆయన వంటింట్లోకి తొంగిచూసి, "పాలు ఒలకలేదు కదా?" అన్నారు.

మర్నాడు బట్టలు సర్దుకుని అక్క ఇంటికి బయలుదేరాను.

"ఎన్నాళ్లు?" అన్నారు ఆయన గుమ్మంలో.

"తెలీదు," అన్నాను. బెట్టుకు అనలేదు. నిజంగానే తెలియదు.

అక్క ఇంటి దగ్గరి ఫిజియోథెరపీ గదిలో ఒక అమ్మాయి రోజూ నా చేత కళ్లు మూయించి చేతిలో ఏదో ఒకటి పెట్టేది. తాళంచెవి, బొత్తాం, దూది. ఒక్కటీ పోల్చుకోలేకపోయాను.

"పాత స్పర్శ గుర్తు తెచ్చుకోండి ఆంటీ. చివరిసారి ఎవరైనా ఈ చేతిని ప్రేమగా పట్టుకున్నప్పుడు ఎలా ఉండింది?"

వెతికాను. సబ్బు నీళ్లు, వేడి మూతలు, ఫైళ్ల అంచులు గుర్తొచ్చాయి. ఎవరి చెయ్యీ రాలేదు.

"గుర్తు లేదమ్మా."

"అయ్యో, మరుపు కూడానా," అంది ఆ అమ్మాయి. కాగితం మీద పెన్ను కదిలిన చప్పుడు వినిపించింది.

కళ్లు తెరిచాను. "అది కొట్టెయ్యమ్మా," అన్నాను. "అది స్ట్రోకుతో వచ్చింది కాదు."