సంచిలో వెంట్రుకలు

సోని భద్రాచలంలో ఒక ప్రైవేటు కాలేజీలో ఇంగ్లిషు లెక్చరర్. పాఠం బాగా చెబుతుందని పేరు. శనివారం నాడు ఒక పాత నవల చెప్పింది. అందులో ఊరు ఊరంతా అడవిలో ఏదో ఉందని వణికి చస్తుంది. తీరా చూస్తే అడవిలో ఏమీ లేదు, ఉన్నదంతా వాళ్ళ లోపలే. ఆ అడవి దేనికి ప్రతీకో పిల్లలను అడిగి, జవాబు తనే చెప్పి రాయించింది కూడా. రాయించడానికేం, ఎంతైనా రాయించవచ్చు! అదే సాయంత్రం బస్సులో తన సొంత తండాకు వస్తూ, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా తిరుగుతోందని ఫోన్లో వచ్చిన మెసేజిని నిజమో అబద్ధమో చూడకుండా తండా గ్రూపులో పెట్టేసింది. మంచికే కదా అనుకుంది. లెక్చరరమ్మ పెట్టిందంటే ఇక నమ్మనిదెవరు?

ఆదివారం పొద్దున, చిక్కు వెంట్రుకలు కొనే బషీర్ టీవీఎస్ బండికి గిన్నెలూ బుడగలూ కట్టుకుని వచ్చాడు. ఎప్పుడూ వచ్చేవాడు కాదు, కొత్త మనిషి. మగవాళ్ళంతా మిరప చేలల్లో ఉన్నారు. ఆడవాళ్ళు చూరుల్లో దోపి దాచుకున్న వెంట్రుకల ఉండలు తెచ్చిచ్చి, గీచి గీచి బేరమాడి, స్టీలు గిన్నెలు పట్టుకుపోయారు. సోని తల్లి పూలి కూడా, మొన్న జ్వరానికి రాలిన కూతురి జుట్టంతా ఇచ్చి ఒక గిన్నె తీసుకుంది. సోని గడపలో కూర్చుని అంతా చూసింది.

మధ్యాహ్నానికి గోల లేచింది. బుడగ ఇమ్మని కూతురు బండి వెంట పడడం చూసి, తండావాడే అయిన భీమ్లా చేలోంచి పరుగున వచ్చి బషీర్ గల్లా పట్టుకున్నాడు. చేలల్లోంచి మగవాళ్ళు కర్రలతో వచ్చిపడ్డారు. సంచి కుమ్మరిస్తే ఏముంది, కుప్పలుగా ఆడవాళ్ళ జుట్టు!

"సూడుండ్రి, ఎంతమందిని సంపిండో గీడు!" అని భీమ్లా అరిచాడు.

"కాదయ్యా, గిన్నెలిచ్చి కొన్న. మీ ఆడోళ్ళనే అడుగుండ్రి." బషీర్ చేతులు జోడించాడు.

"ఎవలన్న ఇచ్చిండ్రా?" భీమ్లా ఆడవాళ్ళ వైపు తిరిగాడు.

ఒక్కరూ నోరు మెదపలేదు. ఇచ్చామన్నవాళ్ళను కూడా ముఠాలో కలిపేస్తారేమోనని వాళ్ళ భయం. పూలి కొంగు నోట్లో కుక్కుకుంది. సోని భయం వేరు. నోరు తెరిస్తే తన మెసేజి వట్టిదని తనే ఒప్పుకోవాలి. ఇంకెవరైనా చెబుతారులే అనుకుంది. మొదటి దెబ్బ వీపు మీద పడింది. ఇంకెవరైనా, ఇంకెవరైనా అనుకుంటూ ఉండగానే రెండోది తల మీద పడింది.

ఛీ, చెప్పుకోవడానికే సిగ్గు. ఆ దెబ్బ పడ్డప్పుడు సోనికి లోపల ఎక్కడో హాయిగా అనిపించింది. వీడు నిజంగా దొంగే అయితే తన తప్పేమీ లేనట్టే కదా! ఆ మాట అనుకున్నది తానేనని తెలిసేసరికి ఒక్క ఉదుటున కదిలింది. గుంపును తోసుకుంటూ వెళ్ళి బషీర్‌కు అడ్డం పడింది.

"ఆగుండ్రి! గా ఎంటికలు నావే. మా అమ్మ ఇచ్చింది, నా కండ్లతోని చూసిన. గా మెసేజి కూడా నిజమో కాదో తెల్వకుండనే పెట్టిన!"

అప్పుడు ఒక్కొక్కరే "నేను గూడ ఇచ్చిన", "నేను గూడ" అన్నారు. కర్రలు దిగాయి. తండా పెద్ద లచ్చిరాం వెలవెలబోయి, "పొద్దుగాల చూసినదానివి, ముందే చెప్తే ఏమైతుండె బిడ్డా?" అన్నాడు. ఎవరో అంబులెన్సుకు ఫోన్ చేశారు.

సోని ఇంట్లోకి పరుగెత్తి చెంబుతో నీళ్ళు తెచ్చింది. బషీర్ వేపచెట్టుకు ఆనుకుని, నెత్తురు కారుతున్న తలకు తువ్వాలు అదుముకుని కూర్చున్నాడు. ఆమె దగ్గరికి రాగానే రెండు చేతులూ తల మీద అడ్డం పెట్టుకున్నాడు.

"నీళ్ళు, అన్నా. తాగు."

అతను చెంబు వైపు చూశాడు. ఆమె మొహం వైపు చూశాడు.

"ముందుగాల నువ్ తాగు బిడ్డా."

సోని చెంబెత్తి నోట్లో పోసుకుంది. ఆ గుక్క ఆమె గొంతు దిగేదాకా కన్నార్పకుండా చూసి, అప్పుడు బషీర్ చెయ్యి చాపాడు.