తెల్లబడ్డ కప్పులు

2023 జనవరిలో ఒక శనివారం ఉదయం, కెనడాలోని ఒషావాలో, హెడ్‌ఫోన్లు తయారుచేసే ఓ గ్యారేజీలో వాటి చెక్క కప్పులు రెండు తెల్లబడి కనిపించాయి. ముందు రోజు వాటికి చేత్తో పాలిష్ పెట్టింది హిమజ. కాలేజీలో చదువుతూ పార్ట్‌టైమ్ జాబ్ కోసం ట్రయల్‌కి వచ్చింది. పాలిష్ నూనె అయిపోతే, బ్యాగులో ఉన్న కొబ్బరినూనె రాసింది. రాత్రి చలికి అది పేరుకుంది.

యజమాని పాండురంగ వాసన చూశాడు.

"హెడ్‌ఫోన్లకి తలంటు పోశావేంటమ్మా?"

"మెరుస్తాయనుకున్నా అంకుల్. జాబ్ పోయినట్టేనా?"

"ముందు హెయిర్ డ్రైయర్ పట్టుకురా."

వేడిగాలికి నూనె కరిగి కారింది. "కుంకుడుకాయలు కూడా తెమ్మంటారా?" అంది హిమజ. పాండురంగ నవ్వు ఆపుకోలేక బల్ల పట్టుకున్నాడు. హిమజ కూడా నవ్వుతూ నేల మీద కూలబడింది.

తుడిచి, ఉప్పుకాగితంతో రుద్ది, అసలు పాలిష్ పట్టించాక చెక్క చారలు తేలాయి.

సోమవారం గ్యారేజీ తెరిచింది హిమజ. తాళంచెవి పాండురంగ ఇచ్చాడు.