కొమ్మ కట్టని కప్పు

మంగళవారం పొద్దున కూడా లెక్క తేలలేదు. మిర్లాండ్ పరంజా కింద నిలబడి, ఫోనులో టైమరు నొక్కి, కప్పు మీద ఒక్కో చెక్క బిగించడానికి ఎంతసేపు పడుతోందో చూసింది. నాలుగు నిమిషాలు. మూడు వారాల కిందట ఇదే చెక్కకి, ఇదే మనుషులకి రెండు నిమిషాలే పట్టింది. వాన లేదు. కరెంటు పోలేదు. చెక్కా మేకులూ గోదాములో కావలసినన్ని ఉన్నాయి. ఒక్క మనిషి కూడా నాగా పెట్టలేదు. పని మాత్రం నత్తనడక నడుస్తోంది.

భవన నిర్మాణ ప్రాజెక్టుల నిర్వహణలో పీజీ చేయడానికి ఆమె హైతీలోని జెరెమీ నుంచి చిలీ వచ్చి ఏడాదిన్నర అయింది. ఆఖరి సెమిస్టరు మొత్తం తాల్కా ఊళ్లో కడుతున్న ఈ ఎనిమిది గదుల బడి మీదే ఆధారపడి ఉంది. పనికి షెడ్యూలు వేయాలి, మూడు నెలలు నడిపించాలి. ఎన్ని రోజులు ఆలస్యమైంది, ఎందుకయింది అని ఒక ఫారంలో రాసి, సైటు మేనేజరు చేత సంతకం పెట్టించి శుక్రవారానికల్లా ఇవ్వాలి. ఇవ్వకపోతే సెమిస్టరు పోతుంది. సెమిస్టరుతో పాటు స్కాలర్‌షిప్పూ పోతుంది, అది రెండోసారి ఇచ్చేది కాదు.

ఆలస్యం గడిలో 'తొమ్మిది రోజులు' అని రాసింది. కారణం గడి ఖాళీగా ఉంది. ఫోనులో కాలేజీ గైడు ఒకటే మాట అన్నాడు: "తెలియదు అనేది కారణం కాదమ్మా."

ఆమె పోయి మేస్త్రీ అర్తెమియోని పట్టుకుంది. అరవై దాటిన మనిషి, మీసాల నిండా రంపపు పొట్టు.

"మేస్త్రీగారూ, పనెందుకు సాగడం లేదు?"

"సాగుతోందిగా ఇంజినీరమ్మా."

"సగమే సాగుతోంది."

"ఆఁ, సగమే మరి." ఆయన చెవి మీది పెన్సిలు తీసి చూసుకుని మళ్లీ చెవి మీదే పెట్టుకున్నాడు. "ఓసారి పైకి చూడండి."

చూసింది. దూలాలు తిన్నగానే ఉన్నాయి. ఆ పైన ఏప్రిల్ ఆకాశం. వెనక నుంచి ఎవడో కిసుక్కున నవ్వాడు. దూలాల కొలతలన్నీ మళ్లీ తీయించింది, మిల్లీమీటరు తేడా లేదు. బుర్ర వేడెక్కిపోయింది.

బుధవారం వచ్చేసరికి కప్పు నెత్తిన నడికొప్పు దూలానికి ఒక బొమ్మ వేలాడుతోంది. పాత ప్యాంటులో పొట్టు కూరారు, పొట్ట లావుగా పెట్టారు, మెడకు టై కట్టారు, నెత్తిన తెల్ల హెల్మెట్టు. పావురాలను తోలడానికి కట్టారు కాబోలు అనుకుంది మన ఇంజినీరమ్మ. అనుకుని ఊరుకుందా? సైటు డైరీలో 'పక్షులను బెదిరించే బొమ్మ అమర్చబడినది' అని తేదీ వేసి మరీ రాసింది. చదువు ఎక్కువైతే వచ్చే తంటాలివి.

ఇదంతా ఎక్కడ మొదలైందో ఆమెకు తప్ప అందరికీ సగం సగం తెలుసు. మూడు నెలల కిందట కంపెనీ నమూనాగా ఒక పాత షెడ్యూలు ఆమె చేతికిచ్చింది. నూట అరవయ్యో వరుసలో ఇలా ఉంది: 'కొమ్మ కట్టుట. శుక్రవారం. అర రోజు. మనుషులు: అందరూ.' ఏం కొమ్మ? ఎందుకు? ఎంత కొలత? ఏమీ లేదు. ఫలితం కనపడని పని వృథా అని మొదటి సెమిస్టరులో నేర్పారు. ఆ వరుస కొట్టేసి, అర రోజు మిగిల్చానని మురిసిపోయింది.

ఎవరినైనా అడిగితే సరిపోయేది. సైటులో ఆమె దేశం వాళ్లే ఎనిమిది మంది ఉన్నారు. వాళ్ల జట్టు పెద్ద ఒద్విల్, చిలీ వచ్చి ఎనిమిదేళ్లయింది. మొదటి రోజే ఎదురొచ్చి తమ హైతీ భాష క్రెయోల్‌లో, "ఏం తల్లీ, బాగున్నావా? ఏ ఊరు మనది?" అని నోరారా పలకరించాడు. ఆమె స్పానిష్‌లో "నమస్కారం అండీ" అని పక్కకు తప్పుకుంది. పొగరు కాదు. దానికి పది నిమిషాల ముందే గేటు దగ్గర కాపలావాడు ఆమె రంగు చూసి, ఊడ్చే మనిషనుకుని, ఒక్క మాటైనా అడక్కుండా చీపురు చేతికిచ్చాడు. ఆ చీపురు ఆమె మనసులో ములుకులా దిగింది. ఆనాటి నుంచి సైటులో ఒక్క క్రెయోల్ ముక్క ఆమె నోట రాలేదు. ఒద్విల్ కూడా మళ్లీ పలకరించలేదు.

గురువారం పొద్దున మేనేజరు హిమేనా రాజధాని సాంతియాగో నుంచి వచ్చింది. వారానికోసారి వస్తుంది, వచ్చినప్పుడల్లా తొందరలోనే ఉంటుంది.

"ఏంటమ్మాయ్, ఇంకా ఈ గడి ఖాళీయేనా? రేపేగా గడువు?"

"కారణం దొరకడం లేదు మేడమ్. అన్నీ సరిగ్గానే ఉన్నాయి."

"ఇందులో దొరక్కపోవడానికేముంది? చెక్క బిగించేది ఎవరు?"

"ఒద్విల్ గారి జట్టు."

"నాలుగు నిమిషాలు పడుతోంది వాళ్లకేగా? 'జట్టు పనితనం తక్కువ' అని రాయి. నీ లెక్కలే చెబుతున్నాయి. నేను సోమవారం నుంచి వేరే జట్టును పెట్టుకుంటా."

లెక్కలు అలాగే చెబుతున్నాయి, నిజమే. కాదనడానికి చేతిలో వేరే కారణం లేదు. అవుననడానికి మనసు రాలేదు. ఆ అయోమయంలోనే పెన్ను 'జట్టు పనితనం తక్కువ' అని రాసేసింది. హిమేనా చదవకుండానే సంతకం గీకి, ఫోను మోగితే అటు తిరిగింది.

కాగితం తీసుకుని బయటికొస్తే భోజనాల వేళ. ఎనిమిది మందీ చెక్కల మీద కూర్చుని రొట్టెలో అవకాడో మెత్తి తింటున్నారు. ఒద్విల్ దగ్గర సీసాలో హైతీలో ఇంటింటా పెట్టే పచ్చడి ఉంది, క్యాబేజీ, మిరపకాయ, పుల్లటి వాసన. ఆ వాసనకు ఆమె కాళ్లు ఆగిపోయాయి. వీళ్లు సోమవారం ఉండరు. ఆ సంగతి వీళ్లకు తెలియదు.

"బాబాయ్," అంది క్రెయోల్‌లో.

ఎనిమిది దవడలూ ఆగాయి.

"ఓరి నాయనో, మాటొచ్చిందిరా పిల్లకి!" అన్నాడు జట్టులో ఒకడు.

"నువ్వూరుకో" అని వాణ్ణి కసిరి, ఒద్విల్ చెక్క మీద చోటు చూపించాడు. "కూర్చో తల్లీ. తిన్నావా?"

"పనెందుకు సాగడం లేదు బాబాయ్? నీకు దణ్ణం పెడతా, చెప్పు."

"ఎందుకేంటి? నడికొప్పు ఎక్కించాక కొమ్మ కట్టారా? కట్టలేదు. ఇక్కడ కప్పు పైకి లేచిన రోజున పచ్చకొమ్మా జెండా కట్టి, యజమాని అందరికీ మాంసం కాల్చి పెట్టాలి. ఇళ్లు కట్టేచోట అది మర్యాద. వీళ్ల కంపెనీ ఎగ్గొట్టింది. అందుకే మేస్త్రీ ఆ పొట్టవాణ్ణి వేలాడదీశాడు, పిసినారి యజమాని అని."

"మరి అడగొచ్చుగా!"

"అడిగి తినేదా అది? నోరు విప్పి అడిగితే మేస్త్రీ పరువేం కాను? వాళ్లంతట వాళ్లు పెట్టాలి. అందాకా సుత్తి కాస్త నెమ్మదిగా పడుద్ది, అంతే. వాళ్లు నెమ్మదిస్తే మేమూ నెమ్మదించాం. ఒక పరంజా మీదోళ్లం కదా."

"కంపెనీ కాదు బాబాయ్. ఆ వరుస నేనే కొట్టేశాను."

ఒద్విల్ రొట్టె పక్కన పెట్టాడు. "మొదటి రోజు నువ్వు నిలబడి రెండు మాటలు మాట్లాడుంటే నేనే చెప్పేవాణ్ణి కదమ్మా."

లేచి సరాసరి మేనేజరు గదికి పోయింది.

"మేడమ్, కొమ్మ కట్టే రోజు షెడ్యూలులోంచి తీసేసింది నేను."

హిమేనా ఫోను కింద పెట్టేసింది. "నువ్వా? పైవాళ్లు వద్దన్నారనుకుని నేను నోరు మూసుకున్నానే! అయ్యో, అర్తెమియో నన్నెంత తిట్టుకుని ఉంటాడు!"

మిర్లాండ్ కారణం గడిలో రాసింది కొట్టేసి, పక్కన 'షెడ్యూలు వేసిన విద్యార్థి పొరపాటు' అని రాసి ముందు పెట్టింది. "ఇక్కడ ఇంకో సంతకం కావాలి."

హిమేనా కళ్లజోడు పెట్టుకుని ఫారం అడుగున అచ్చువేసిన గీత మీద వేలు పెట్టింది. "విద్యార్థి పొరపాటైతే సెమిస్టరు మళ్లీ మొదటి నుంచి చేయాలని ఉంది. చదివావా?"

"చదివాను."

"పిచ్చిపిల్లా, వాళ్లను పంపించనులే. 'వానల వల్ల' అని రాసెయ్, పోయేదేముంది?"

"వాన పడలేదు మేడమ్."

హిమేనా పెన్ను తీసి సంతకం పెట్టింది.

శుక్రవారం మధ్యాహ్నం కొప్పు మీద యూకలిప్టస్ కొమ్మ ఊగింది. కింద బొగ్గుల మీద మాంసం చిటపటలాడింది. అర్తెమియో గ్లాసు ఎత్తి, "మన హిమేనా మేడమ్ మనసు వెన్న!" అని అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు. మిర్లాండ్ కూడా కొట్టింది. ఆ సరికే గైడు దగ్గర నుంచి రెండు ముక్కల మెయిలు వచ్చి ఉంది. ఆగస్టులో తిరిగి చేరవచ్చు, స్కాలర్‌షిప్పు మాత్రం ఉండదు.

తాను చేసింది మంచో, ఒట్టి తెలివితక్కువతనమో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టడం లేదు. పళ్లెం పట్టుకుని మేనేజరు బల్లకీ జట్టు బల్లకీ మధ్య కాసేపు నిలబడి, చివరికి ఒద్విల్ పక్కన కూర్చుంది.

"బాబాయ్, మీ జట్టులో ఇంకో మనిషికి చోటుంటుందా?"

"ఎవరికమ్మా? నీ తమ్ముడెవరైనా వస్తున్నాడా?"

"నాకే. ఆగస్టు దాకా."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. తన పళ్లెంలోని మంచి ముక్క తీసి ఆమె పళ్లెంలో వేశాడు.

"మేకు కొట్టడం వచ్చా?"

"రాదు."

"సోమవారం ఎనిమిదింటికి రా. నేర్పుతా."