ఏడో ఎర్రదారం

పాలు పొంగు మీదికి రాగానే స్టవ్ తగ్గించి, మాస్టారు టీని గరిటెతో రెండుసార్లు పైకెత్తి పోశాడు. పళ్ళెంలో ఇరవై మూడు కప్పులు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఆరింటి పిడికి ఎర్రదారం చుట్టి ఉంది. అవి ‘వితౌట్’ కప్పులు, చక్కెర పడకూడనివి. ముందు ఆ ఆరూ నింపి, తరవాతే కెటిల్‌లో చక్కెర కలిపి మిగతావి పోయడం అతని పద్ధతి. భూముల పటాలు గీసే ఆ ఆఫీసులో అతను టీ మాస్టారుగా చేరిన పంతొమ్మిదేళ్ళలో ఒక్క కప్పు కూడా తారుమారు కాలేదు.

సన్నటి, పొడుగాటి మనిషి. యాభై దాటాయి. పళ్ళెం మోసి మోసి భుజాలు ముందుకు వంగిపోయాయి. చొక్కా గుండీలు మెడ దాకా పెట్టుకుంటాడు. ఎవరికి షుగర్ ఎప్పుడొచ్చిందో వాళ్ళ పెళ్ళాలకంటే ముందు అతనికే తెలుస్తుంది. “రేపట్నించి నాకు చక్కెర వద్దు మాస్టారూ” అని వాళ్ళు గొంతు తగ్గించి చెబితే, ఇంకేమీ అడగకుండా మరో పిడికి దారం చుట్టేవాడు.

తన కప్పు మాత్రం పళ్ళెంలో ఉండదు. అరలో చక్కెర డబ్బా వెనక ఉంటుంది. పంచుకొచ్చాక తలుపు చాటున నిలబడి చప్పటి టీ తాగుతాడు. ఎవరైనా వస్తున్న అలికిడైతే, ఖాళీ చెంచాతో ఆ టీని గలగలా తిప్పుతాడు. వచ్చినవాళ్ళు చక్కెర కలుపుకుంటున్నాడనే అనుకుంటారు.

ఆ రోజు నిద్ర లేచేసరికే గొంతులో గరగరగా ఉంది. టిఫిను డబ్బా చేతికిస్తూ భార్య మరోసారి గుర్తుచేసింది.

“ఏమండీ, ఇవాళ మీ ఆఫీసుకి నర్సమ్మ వస్తుందన్నారుగా. షుగరుందని చెప్పండి. ఒక్క మాటే కదా.”

“అలాగేలే.”

“ఆరేళ్ళుగా ఈ ‘అలాగేలే’ వింటూనే ఉన్నాను” అంది ఆవిడ. కానీ ఈసారి చెబుతాననే అనుకున్నాడు. దారి పొడుగునా ఆ ఒక్క మాటనీ లోలోపల వల్లె వేసుకుంటూనే వచ్చాడు.

ఆ ఒక్క మాట ఎందుకంత బరువో భార్యకు తెలియదు. ఎనిమిదేళ్ళ కిందట చక్కెర డబ్బా తొందర తొందరగా ఖాళీ అయ్యేది. పెద్ద గుమస్తా అందరి ముందూ నిలబెట్టి, “ఏమయ్యా, డబ్బాకి చీమలు పట్టాయా, మనుషులు పట్టారా?” అన్నాడు. “నా కూతురి మీద ఒట్టండీ, నేను ముట్టుకోలేదు” అన్నాడు మాస్టారు. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

ముట్టుకున్నాడు. రోజూ మధ్యాహ్నం, హాల్లో అందరూ కునుకు తీసే వేళ, చెంచాడు చక్కెర నోట్లో వేసుకుని కరిగేదాకా కళ్ళు మూసుకునేవాడు. ఒక్కోసారి రెండు చెంచాలు. అంతకు మించిన దొంగతనం ఎరగడు పాపం. కూతురికి ఏమీ కాలేదు గానీ, రెండేళ్ళు తిరిగేసరికి అతనికే షుగర్ తేలింది. మీ అమ్మకీ ఉండేది కదా, చెంచాడు చక్కెరతో వచ్చే జబ్బు కాదిది అని డాక్టరు విడమరిచి చెప్పినా అతనికి నమ్మకం కుదరలేదు. తప్పుడు ఒట్టు తిరిగొచ్చి తనకే తగిలిందనుకున్నాడు. జబ్బుందని ఒప్పుకుంటే దొంగతనం ఒప్పుకున్నట్లే. మన చక్కెర ఎటు పోయిందో ఇప్పుడు తెలిసిందని అందరూ అనరా? ఆఫీసు వంటగది తలుపుకి సరైన గడియ లేదని, ఎవరైనా చూస్తారని మధ్యాహ్నపు మాత్ర కూడా సగం రోజులు ఎగ్గొట్టేవాడు.

పదకొండింటికి నర్సు వచ్చింది. ఊళ్ళో ఒక వైరల్ జ్వరం ఇంటింటికీ తిరుగుతోంది. ఆఫీసులోనూ ఇద్దరు ముగ్గురు దగ్గుతున్నారు. ఆవిడ హాలు మధ్య బల్ల దగ్గర కాగితాలు పరుచుకుని నెమ్మదిగా చెప్పింది.

“ఈ జ్వరం చాలామందికి వారంలో పోతుంది. షుగరున్నవాళ్ళ దగ్గరే మొండికేస్తుంది. జ్వరం షుగర్ని పెంచుతుంది, పెరిగిన షుగరు ఒంట్లో కాపలాని దెబ్బతీస్తుంది. ఊపిరితిత్తుల్లోకి దిగిందంటే కష్టం. గొంతు నొప్పి మొదలైన రెండు రోజుల్లో మాత్రలు పడితే చాలావరకు గట్టెక్కుతారు. ఎవరికుందో చెప్పండి, దాచుకోకండి.”

పెద్ద గుమస్తా మొదట చెయ్యెత్తాడు. “నాది పదిహేనేళ్ళ సర్వీసమ్మా.” అందరూ నవ్వారు. ఒక్కొక్కరుగా ఆరు చేతులూ లేచాయి. ఎర్రదారం కప్పుల లెక్క సరిపోయింది. మాస్టారు వాళ్ళ వైపు కొంచెం అసూయగానే చూశాడు. జబ్బును పదవిలా చెప్పుకోవడం అందరికీ చాతకాదు.

ఖాళీ కప్పులు ఏరుకుంటున్న అతని దగ్గరికి నర్సే వచ్చింది.

“మీకు షుగరుందా?”

హాలంతా అటు తిరిగింది. పెద్ద గుమస్తా కళ్ళజోడు పైనుంచి చూస్తున్నాడు.

“ఉందమ్మా” అన్నాడు మాస్టారు.

ఆ మాట దగ్గర ఆగి ఉంటే చాలు. కానీ ఆ కళ్ళజోడు కదల్లేదు. నోరు దానంతటదే మిగతాది కలిపేసింది.

“ఉందమ్మా, టీలో రెండు చెంచాలు వేశాను. చాలకపోతే ఇంకోటి వేస్తాను.”

హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా పెద్ద గుమస్తా నవ్వాడు. నర్సు కూడా నవ్వుతూనే అతని పేరు పక్కన ఒక అడ్డగీత గీసింది.

“గొంతు నొప్పి గానీ, దగ్గు గానీ?”

“అబ్బే, ఏం లేదమ్మా.”

కప్పులు కడుగుతుంటే నాలుక పిడచకట్టుకుపోతోంది, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగినా దాహం తీరలేదు. మూడింటికి నర్సు సంచీ సర్దుకుంటుంటే ఒక కప్పు టీ పట్టుకుని మెట్ల దాకా వెంట వెళ్ళాడు. అక్కడ ఎవరూ లేరు.

“అమ్మా, ఇందాక...”

“మీ జోకు తలుచుకుంటే ఇంకా నవ్వొస్తోంది మాస్టారూ” అందావిడ కప్పు అందుకుంటూ. “పొద్దుట్నించి నవ్వింది అప్పుడొక్కసారే.”

అతను కూడా నవ్వాడు. ఖాళీ కప్పు తీసుకుని వెనక్కి వచ్చేశాడు. తన మీద తనకే అసహ్యం వేసింది.

సాయంత్రానికి ఒళ్ళు కాలిపోతోంది. భార్య నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

“చెప్పారా?”

“చెప్పాను.”

“మందివ్వలేదా మరి?”

“నాకు అక్కర్లేదన్నారు.”

నర్సమ్మ అన్నదంటే ఆవిడ నమ్మింది. నమ్మి రెండు రోజులు తడిగుడ్డలు వేస్తూ కూర్చుంది. మూడో రోజు ఎగశ్వాస మొదలైంది. ఆసుపత్రిలో అడిగీ అడగకముందే ఆవిడ షుగర్ సంగతి చెప్పేసింది. అది నాలుగు వందలు దాటి ఉంది, రెండు ఊపిరితిత్తులూ నిమ్ముపట్టాయి. “ముందే ఎందుకు చెప్పలేదమ్మా?” అని డాక్టరు అడిగితే, “చెప్పారటండీ” అంది. మంచం మీద మాస్టారు ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. ఐదో రోజు మూడు గంటలకు, ఆఫీసులో టీ వేళకు, పోయాడు.

జ్వరంతో పోయాడని కబురొచ్చింది. హాల్లో ఇద్దరు ముగ్గురు ఆ జోకును మళ్ళీ చెప్పుకుని, ఎంత సరదా మనిషో అనుకున్నారు.

మర్నాడు పెద్ద గుమస్తా తానే వంటగదిలోకి వెళ్ళి టీ పెట్టాడు. వితౌట్ కప్పులు ఆరూ నింపి, తనది ఉంచుకుని ఐదు పంపించాక, చక్కెర డబ్బా కోసం అరలో చెయ్యి పెడితే దాని వెనక ఇంకో కప్పు తగిలింది. దాని పిడికీ ఎర్రదారం ఉంది. మిగతా ఐదుగురి చేతుల్లోనూ కప్పులున్నాయి కదా అని హాల్లోకి తొంగిచూసి, తనదీ కలిపి మళ్ళీ లెక్కపెట్టాడు. ఆరూ సరిపోయాయి. చీమలా, మనుషులా అని ఎనిమిదేళ్ళ కిందట తాను అడిగిన మాట, మొన్న తాను నవ్విన నవ్వు ఒకేసారి గుర్తొచ్చాయి. సిగ్గుతో తల కొట్టేసినట్లయింది. ఎవరినీ పిలవలేకపోయాడు. కప్పును ఎక్కడిదక్కడే పెట్టేశాడు.

అంచు పగిలిన కప్పు, కడిగి కడిగి వెలిసిపోయిన దారం, లోపల చక్కెర ఎరగని ఒక చెంచా, ఆ డబ్బా వెనకే ఉన్నాయి.