ఎనభై అంగుళాల ముప్పావు

కారంపూడిలో రషీదా మధ్యాహ్నం నమాజు చదువుకుని వసారాలో నాపరాళ్ల మీద కూర్చుందంటే రెండు గంటలైనట్టే. ఎదురింటివాళ్లు గడియారం చూడటం ఎప్పుడో మానేశారు. పాత చీరలు మడతలేసి పరిచి, సూదిలో దారం ఎక్కించి, బొంత కుట్టడం మొదలుపెట్టేది. చంటిపిల్లల బొంత వెడల్పు ముప్పై అంగుళాలు, ఒక్కో వరస సరిగ్గా పావుగంట. ముప్పై ఏళ్లుగా అదే నడక. కబుర్లు చెబుతున్నా అంతే, మొగుడి మీద అలిగినా అంతే.

కుట్లు తిన్నగా సాగేవి. భూమి కదిలినప్పుడు మాత్రం ఆ కదలిక కుట్టులోకి వచ్చేది. అండమాన్‌లో కదిలితే పెద్ద వంకరలు, ఎక్కడో ఖండాల అవతల కదిలితే సన్నటి గరుకు. క్వారీలో మందు పేలిస్తే ఒక్క ముడి. టీవీవాళ్లు సాయంత్రం చెప్పే భూకంపాన్ని ఆ వీధివాళ్లు మధ్యాహ్నమే బొంత మీద చూసి, ఎవరి పనికి వాళ్లు పోయేవాళ్లు. అట్లాంటి బొంత మీద పిల్లలు గాఢంగా నిద్రపోతారని పేరు. గురజాల నుంచి కూడా వచ్చి, "భూకంపం ఉన్నదే కావాల పిన్నీ" అని అడిగి మరీ పట్టుకుపోయేవాళ్లు. ప్రతి బొంత మూలా పిల్ల పేరు, కుట్టిన తేదీ ఎర్రదారంతో ఉండేవి.

పోయిన శ్రావణంలో రషీదా కుట్టడం మానేసింది. కళ్లు ఆనడం లేదంది. ఎవరూ గుచ్చి గుచ్చి అడగలేదు.

ఆ ఇంటి వెనక గదిలోనే ప్రశాంతి పెట్టిన భూకంపాల మిషను ఉంది. ప్రశాంతిది నాదెండ్ల. భూకంపాల అలల్ని బట్టి భూమి లోపల ఏముందో తెలుసుకోవడం ఆమె పరిశోధన. గచ్చు కూడా లేకుండా నేరుగా బండరాతి మీద లేచిన గది కాబట్టి, జిల్లా అంతా తిరిగి దాన్నే ఎంచుకుంది. వచ్చిన మొదటి రోజే రషీదాకి ఓపిగ్గా చెప్పింది.

"మన కాళ్ల కింద నిలువునా తవ్వుకుంటా పోతే పసిఫిక్ సముద్రంలో తేలతాం పిన్నీ. అక్కడ భూమి కదిలితే ఆ అల నడిమధ్యలోంచి ఇరవై నిమిషాల్లో ఇక్కడికొస్తది. ఇక్కడ తగిలి వెనక్కి పోతది, అక్కడ తగిలి మళ్లా వస్తది. ఆ రెండోసారి వచ్చేదాన్ని నేను పట్టుకోవాల. అది మూడుసార్లు నడిమధ్యను దాటుకుని వస్తది గాబట్టి, అక్కడ ఏముందో దానికి తెలిసినంత ఇంకెవరికీ తెలవదు."

"అంత దూరం పోయింది మళ్లా రావడమెందుకే? ఏమన్నా మర్చిపోయిందా?" అంది రషీదా.

పద్నాలుగు నెలలు గడిచాయి. మిషను రాసిన గీతలన్నీ మొద్దుగా ఉన్నాయి. ప్రశాంతి రెండుసార్లు హైదరాబాదు పంపి చూపించింది. ఏ లోపమూ లేదని తిప్పి పంపారు. ఇంకో పన్నెండు రోజుల్లో పరిశోధనకి డబ్బిచ్చే కమిటీ కూర్చుంటుంది. చూపించడానికి ఒక్క మంచి రికార్డయినా లేకపోతే మిషను ఎత్తేస్తారు, పరిశోధన అక్కడితో ఆగిపోతుంది. ప్రశాంతికి అన్నం సయించడం లేదు. ఒకరోజు పొద్దున్నే ఫోనైనా చెయ్యకుండా బస్సెక్కి వచ్చి వెనక గది తలుపు తీసింది.

మిషను నేల మీద లేదు. ట్రాక్టర్ టైరు కోసి పరిచిన రెండు రబ్బరు చెక్కలు, వాటి మీద దళసరి బొంత, ఆ బొంత మీద మిషను.

"బాబాయ్, ఏందిది?"

రషీదా భర్త ఖాజా మొహిద్దీన్‌కి బస్టాండు దగ్గర మెకానిక్ షెడ్డు. మిషను బాగోగులు చూసేదీ ఆయనే. చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఏముందమ్మా, కింద రాయి అదురుతా ఉంటది. అంత ఖరీదు మిషను, అదురు తగిలితే పాడైపోదా? ఏ ఇంజను బిగించినా కింద రబ్బరు పెడతాం గదా. నువ్వొచ్చే రోజు మాత్రం దించి, శుభ్రంగా తుడిచి, నువ్వు పెట్టినట్టే పెడతన్నా."

"దాని పనే అదురు పట్టుకోవటం బాబాయ్!"

"అది ఆ వైరు చివర డబ్బా పని గాదా? ఇది దాని ఇంజననుకున్నానే!"

ప్రశాంతికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఖాజా గడప మీద కూలబడ్డాడు. "పద్నాలుగు నెల్లు పరుపు మీద పండబెట్టానా తల్లీ దాన్ని" అన్నాడు. పాపం, ఆయన మొహం చూసి ఆమెకి తిట్టాలనిపించలేదు. కాసేపటికి ఆయనే తలెత్తాడు.

"మిషను పడుకుంటే ఏంది? మా రషీదా బొంతలున్నాయి గదా!"

నిజమే. ఇన్నాళ్లూ తనకెందుకు తట్టలేదని ప్రశాంతి నెత్తిన కొట్టుకుంది. ఆ నెలల్లో అవతలి వైపు పెద్ద భూకంపాలు మూడు వచ్చాయి. రెండు తెల్లవారుజామున. మూడోది శ్రావణంలో, ఒక మంగళవారం మధ్యాహ్నం.

"పిన్నీ, ఆ మంగళవారం కుట్టిన బొంత ఎక్కడుంది?"

టీ గ్లాసులు తెస్తున్న రషీదా ఆగిపోయింది. "ఆ బొంత వద్దులే. చెడిపోయింది."

"చెడిపోయిందేంది? గురజాల ఆసియాకి ఇచ్చావుగా" అన్నాడు ఖాజా.

రషీదా లోపలికి వెళ్లిపోయింది. ప్రశాంతి వెనకే వెళ్లి, పొయ్యి దగ్గర పక్కనే కూర్చుంది. రషీదా చేతిలో గ్లాసులు కింద పెట్టి చెప్పింది.

"ఆ యాళ మొదటిది వచ్చింది. అది భూమే, నాకు తెలుసు. టీవీలోనూ చెప్పారు. కాసేపటికి, కింది వరసల్లో మళ్లా వణికింది. దాని గురించి ఎవరూ ఏం చెప్పలా. భూమి కదలకుండా కుట్టు కదిలిందంటే అది నా చెయ్యే గదా. మా అమ్మకీ ఇట్టనే మొదలైంది. ఏడాది తిరిగేసరికి గ్లాసు పట్టుకోలేకపోయింది."

ప్రశాంతి ఇంకా దగ్గరికి జరిగింది. "ఎన్ని వరసల తర్వాత పిన్నీ?"

"లెక్కపెట్టలా. చూడబుద్ధి గాలా."

"పోనూ రానూ నలభై నిమిషాల చిల్లర తర్వాతయితే అది భూమి. నీ నడకకి లెక్కేస్తే ఎనభై అంగుళాల ముప్పావు. రా, పోయి కొలుద్దాం."

"ఇంకోచోట ఉంటే?"

ఉండదని అబద్ధం చెప్పడం ప్రశాంతికి ఇష్టం లేకపోయింది. రషీదా కొంగుతో కళ్లు తుడుచుకుని, కొలిచే టేపు తీసుకుని లేచింది.

గురజాలలో ఆసియా ఇంటికి చేరేసరికి బిడ్డ ఆ బొంత మీదే నిద్రపోతోంది. ఆసియా నోటి మీద వేలుంచుకుని గుమ్మంలోకి వచ్చింది. "ఇప్పుడే పడుకుంది. లేపారంటే రేపటిదాకా మీరే ఎత్తుకోవాల" అంది. ముగ్గురూ గోడవారగా కూర్చున్నారు. కారప్పూస తిన్నారు, టీ తాగారు. బిడ్డ కదిలినప్పుడల్లా ప్రశాంతి లేవబోయేది, ఆసియా కూర్చోమని సైగ చేసేది. చివరికి బిడ్డ దానంతటదే లేచి, బొంతంతా తడిపి, అందర్నీ చూసి నవ్వింది.

తడి బొంత నేల మీద పరిచారు. మొదటి గరుకు ఆరో వరసలో దొరికింది. ప్రశాంతి అక్కడ టేపు ఆనించి, దారం వెంట పోతూ వినపడేలా లెక్కపెట్టింది. రషీదా గోడవైపు తిరిగి కూర్చుంది.

"వరస చివరికి పదకొండు. కింది వరసతో నలభై ఒకటి. దాని కిందిదాంతో డెబ్బై ఒకటి."

ఆ తర్వాతి వరసలో వేలు మెల్లగా జరిపింది. కుట్లు తిన్నగా ఉన్నాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది. తొమ్మిది దాటి ముప్పావు దగ్గర ఆమె వేలికి గరుకు తగిలింది. చానా సన్నటిది. నాలుగు కుట్లు పైకి, నాలుగు కిందికి, మళ్లీ తిన్నని గీత.

"ఎనభై ముప్పావు" అంది ప్రశాంతి. "నీ చెయ్యి గాదు పిన్నీ. అదే వచ్చింది. ఆ నడిమధ్యను మూడుసార్లు దాటుకుని నీ దగ్గరికే వచ్చింది."

రషీదా ఇటు తిరిగి, తనే టేపు తీసుకుని మొదటి నుంచీ కొలిచింది. మళ్లీ కొలిచింది. ఆ తర్వాత రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్లు విడదీసి, వాటిని చూసుకుంటూ ఏడ్చింది. ప్రశాంతి ఆమె భుజం మీద తల పెట్టుకుని తనూ ఏడ్చింది. ఎందుకో తెలియకపోయినా ఆసియా కూడా కళ్లొత్తుకుంది.

పన్నెండో రోజున హైదరాబాదులో కమిటీ పెద్దాయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, వేలితో కుట్లు లెక్కపెట్టి, మూలనున్న తేదీ రాసుకుని, పరిశోధనకి ఇంకో మూడేళ్లు ఇస్తూ సంతకం పెట్టాడు. బిడ్డకి నిద్ర పట్టడం లేదని ఆసియా రోజుకి మూడుసార్లు ఫోన్ చేస్తోంది కాబట్టి, బొంతని మర్నాడే వెనక్కి పంపేశారు.

అదంతా తర్వాతి మాట. ఆ సాయంత్రం గురజాల బస్టాండులో, కారంపూడి బస్సు ఇంకా రాకముందే, రషీదా ప్రశాంతి ఫోన్ తీసుకుని ఇంటికి చేసింది.

"అటక మీద నా చీరల మూటుంది, దించు."

"ఇప్పుడా? ఎవరి పిల్లకి?" అన్నాడు ఖాజా.

"ఎవరో ఒకరు కనకపోతారా? ముందు దించు."