నాలుగో ఎదురు

కరీంనగర్‌లో వినోద ఉండే గల్లీలో ఎవరు దుబాయి పోతున్నా ఒక పద్ధతి ఉంది. మనిషి పెట్టె పట్టుకుని గడప దాటే వేళకు ఒక ముత్తైదువ నిండు బిందెతో ఎదురు రావాలి. అదే వేళకు వినోద ఇంట్లోకి పోయి గడియ పెట్టుకోవాలి. ఈ రెండోది ఎవరూ పెట్టిన పద్ధతి కాదు, తనకు తానే పెట్టుకుంది. ఆమె భర్త సంపత్ దుబాయిలో కడుతున్న బిల్డింగు మీది నుంచి పడి చనిపోయి ఏళ్లయింది. ఒకరు అనకముందే తప్పుకుంటే మాట పడే బాధ ఉండదని ఆమె లెక్క. బాధ ఉండకపోవడం ఎక్కడిది! గడియ పెట్టిన ప్రతిసారీ చచ్చినంత పనయ్యేది.

అలాంటి వినోదకు నవత ఏం వేషం ఇవ్వబోయిందో తెలుసా? ఎదురొచ్చే మనిషి వేషం.

నవత హైదరాబాద్‌లో నాటకాలు చదివొచ్చిన పిల్ల. బస్టాండు ముందర, తెర లేకుండా, స్టేజీ లేకుండా, పోయేవాళ్లూ వచ్చేవాళ్లూ నిలబడి చూసేట్టు ఆడాలని పట్టుబట్టింది. కథ ఈ ప్రాంతపు వలసలది. తెల్లదొరలు సముద్రం పూడ్చి బొంబాయి కడుతుంటే రాళ్లు మోసినవాళ్లతో మొదలవుతుంది. తర్వాత బట్టల మిల్లులకు పోయినవాళ్లు, శ్రీరాంపూర్ బొగ్గుబాయిలోకి దిగినవాళ్లు, చివరికి దుబాయి విమానం ఎక్కినవాళ్లు. ప్రతి ప్రయాణానికీ ఒకామె బిందెతో ఎదురొస్తుంది. మాటల్లేవు, నడిస్తే చాలు.

"నేనా? జనం చెప్పులిసురుతరు నవతా," అని వినోద చేతులు జోడించింది. బట్టలు కుట్టి ఇస్తానంది, వెనక కూర్చుని బిందె నింపి అందిస్తానంది. వేషం అదే గల్లీలో ఉండే ముత్తైదువ మమతారాణికి పోయింది.

ఆ సాయంత్రం బస్టాండు ముందర ఇసుక వేస్తే రాలనంత జనం. నాటకంలో శ్యాంసుందర్ మొహానికి దట్టంగా పౌడరు కొట్టుకుని తెల్లదొర అయ్యాడు. టేపు పట్టి రోడ్డు కొలిచాడు, చాయ్ బండి కొలిచాడు, చాయ్ పోసే ఆయన పొట్ట కూడా కొలిచి "ఇదీ మాదే" అన్నాడు. జనం విరగబడి నవ్వారు. కూలీలు తట్టల్లో నిజం రాళ్లు మోసి గోడ కట్టాక, వాళ్లను పక్కకు నెట్టి దొర దాని మీద తన పేరు రాసుకున్నప్పుడు మాత్రం ఒక్కరూ నవ్వలేదు. ఆ గోడే తర్వాత మిల్లయింది, బొగ్గుబాయి అయింది. రాళ్లు అవే, తట్టలు అవే. గోడ మీది పేరే మారుతూ పోయింది.

నాలుగో ఎదురు, అంటే దుబాయి ప్రయాణం దగ్గర అసలు చిక్కొచ్చింది. చాయ్ బండి వెనక మమతారాణి బిందె అందుకున్నట్టే అందుకుని కింద పెట్టేసింది.

"నాతోని కాదు నవతా. గీ సీన్ల పోయినోడు పీనుగై పెట్టెల వాపసొస్తడు. మా ఆయనకు నిన్ననే వీసా వచ్చింది. ఆటలనైనా సరే, నేను ఎదురొచ్చినోడు సస్తే నా పుస్తె సంగతేంది?"

ఆ భయాన్ని ఏమని కొట్టేస్తాం? అవతల డప్పు మోగుతూనే ఉంది. పెట్టె పట్టుకున్న నటుడు ఎదురు కోసం దిక్కులు చూస్తున్నాడు.

వినోద బిందె వంక చూసింది. సంపత్ బయలుదేరిన రోజు కళ్ల ముందుకొచ్చింది. ఆ రోజు ఎదురొచ్చింది ఎవరు? గల్లీ మొత్తంలో ఎదురుకు మంచి కాలు అని పేరున్న భూమవ్వ. చేతుల నిండా గాజులు, అంచుల దాకా నీళ్లు. ఏం తక్కువైందని? అయినా సంపత్ పెట్టెలోనే వచ్చాడు. మరి గడియ తనెందుకు పెట్టుకుంటున్నట్టు? ఇన్నేళ్లు రాని ప్రశ్న ఇప్పుడొచ్చేసరికి వినోదకు ఒళ్లు మండిపోయింది.

బిందె చంకకెత్తుకుని జనం ముందుకు నడిచింది.

"అయ్యో, గామెనా! మొగడు సచ్చినామె ఎదురొస్తదా?" ఒక ముసలి గొంతు లేచింది. డప్పు ఆగిపోయింది. వేషానికి మాటల్లేవని తెలిసి కూడా వినోద నోరు తెరిచింది.

"నా మొగనికి నిండు ముత్తైదువే ఎదురొచ్చింది. ఎదురు ఆయన్ను సంపలే. నడుముకు తాడు గూడ ఇయ్యకుంట పైకెక్కించినోడు సంపిండు. గోడ మీద పేరు రాసుకున్నోడు సంపిండు."

అప్పుడు జనాన్ని తోసుకుంటూ ఒకామె ముందుకొచ్చింది. భూమవ్వ. తనను తిట్టడానికే వస్తోందనుకుని వినోద బిందెను గట్టిగా పట్టుకుంది.

"గా దినం ఎదురొచ్చింది నేనే," అంది భూమవ్వ అందరికీ వినబడేట్టు. "నా కాలే మంచిది కాదనుకున్న. గప్పటిసంది ఎవ్వలకూ ఎదురు పోలే బిడ్డా." వెనక్కి తిరిగి, పెట్టెతో బస్సు కోసం వచ్చిన కొడుకును చేయి పట్టి లాగింది. "మా కొమురెల్లి ఇయ్యాల్నే పోతుండు. పొద్దుగాల ఎవ్వలనూ పిలువలే. నువ్వు రా."

నటుడు తన పెట్టె తీసుకుని పక్కకు జరిగాడు. ఆ చోట కొమురెల్లి నిలబడ్డాడు. వినోద బిందెతో అతనికి ఎదురు నడిచింది.

"పోయొస్త అక్కా," అన్నాడు కొమురెల్లి.

"పోయి రా తమ్మీ. తాడు కట్టుకోకుంట ఎక్కమంటే ఎక్కకు."

డప్పు అందుకుంది. ఈలలు, చప్పట్లు. అందరికంటే గట్టిగా కొట్టింది మమతారాణే. వినోదకు ఏడుపొస్తోందో నవ్వొస్తోందో తెలియలేదు, గర్వం మాత్రం గొంతు దాకా వచ్చింది.

అంతలో హైదరాబాద్ బస్సు గేటు దాటి జనం మధ్య ఇరుక్కుంది. హారన్ కొట్టీ కొట్టీ విసిగిన డ్రైవర్ మునీర్ సంగతి కనుక్కుని కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"ఓ చెల్లే! మా బండికి గూడ జర ఎదురు రారాదూ! లోపల సగం మంది దుబాయోళ్లే. అందరికీ ఒక్కసారే అయిపోతది!"

జనం నవ్వుతూ దారిచ్చారు. వినోద నడిరోడ్డు మీద తలెత్తుకుని బస్సుకు ఎదురు నడిచింది. కిటికీల్లోంచి చేతులు ఊగాయి. నిండుకుండ తొణకదంటారు. ఆ బిందె మాత్రం తొణికి తొణికి ఆమె చీర సగం తడిపింది. అంతగా నవ్వుతూ నడిస్తే తొణకదా మరి!