మోసేవాళ్ల ఇష్టం

మేడ మీది కుండీల్లోంచి కోసుకొచ్చిన టమాటాలను చక్రాలుగా తరిగి, ఉప్పు చల్లి కూతురి ముందు పెట్టింది ఆమె. కూతురు ఒక ముక్కను నోటిదాకా తీసుకెళ్లి ఆగింది.

"వీటికేం ఎరువు వేశావమ్మా?"

"పశువుల ఎరువే. ఇంకేం వేస్తాను?"

ముక్క మళ్లీ పళ్లెంలోకి వచ్చింది. పోయినసారి పెరుగు దగ్గర మొదలైన మాట ముదిరి, కూతురు ఎంగిలిపడకుండానే బస్సెక్కింది. మళ్లీ గడప తొక్కడానికి ఏడాది పట్టింది. అలిగి వెళ్లినవాళ్లు తిరిగొస్తారన్న ధీమా ఆమెకు ఏనాడూ లేదు. ఈసారీ బస్సు సాయంత్రానికే.

పేపరు వెనకనుంచి భర్త నవ్వాడు. "పాలు మానేసింది, పెరుగు మానేసింది, ఇప్పుడు పేడ దగ్గరికొచ్చింది నీ కూతురు. రేపు గాలి కూడా ఆవు వదిలిందేనని ముక్కు మూసుకుంటుంది."

"మీరూరుకోండి" అని, ఆమె కూతురివైపు తిరిగింది. "పేడ వెయ్యడం ఆవుకెలాగూ తప్పదు కదే. పారేసేది వాడుకుంటే దానికేం నొప్పి?"

"పారేసేదైతే నాకూ పట్టింపు లేదమ్మా. నువ్వు కొన్నావు కదా. పాలతోపాటు పేడ కూడా అమ్ముడుపోతే ఆ కొట్టం ఇంకా నిలబడుతుంది. తల్లి నుంచి దూడని లాగేసే కొట్టం అది."

దూడ మాట ఆమెకు ఎక్కడో గుచ్చుకుంది. "మరి మొక్కలకేం పెట్టమంటావు?"

"మనుషులదే. మేం మూత్రం బకెట్లో పట్టి, బాగా నీళ్లు కలిపి పోస్తాం. ఎవర్నీ కట్టేయక్కర్లేదు. ఎవరిష్టంతో వాళ్లిచ్చింది."

"భేషుగ్గా ఉంది" అన్నాడు భర్త. "మీ అమ్మకి అలవాటున్న పనే."

అత్తగారు మంచాన పడ్డ రోజులు ఆమె కళ్లముందు తిరిగాయి. బెడ్‌పాన్ పట్టుకుని తను వసారా దాటుతుంటే, ముక్కుకి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఆయన అనే మాట: "నీ చెయ్యయితేనే అమ్మకి హాయి." ఆ మెప్పులోనే కుట్టుపని మానేసింది. పుట్టింటికి వెళ్లడం మానేసింది. కన్నతల్లి ఆఖరిచూపుకి కూడా అందలేదు. ఈ పని చేస్తావా అని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఒప్పుకునేదేమో కూడా. ఇన్నాళ్లూ ఆమెను తొలిచింది అదే.

"మేం పోస్తాం అన్నావు" అంది నెమ్మదిగా. "ఆ బకెట్ ఎవరు మోస్తారే?"

"మా ఆయనకి వాసన పడదు. నేనే."

"మోస్తావా అని అడిగాడా?"

కూతురు తల వంచుకుని పళ్లెంలోని ముక్కని వేలితో అటూ ఇటూ జరిపింది. అడగకూడనిది అడిగానేమో, ఇప్పుడే లేచి సంచి భుజానికి తగిలించుకుంటుందేమో అని ఆమెకు భయమేసింది. ఆ భయంతోనే లేచి, స్నానాలగదిలోంచి రెండు బకెట్లు తెచ్చింది. ఒకటి తన దగ్గరే ఉంచుకుని, రెండోది భర్త కుర్చీ పక్కన దించింది.

"ఇక పశువుల ఎరువు కొనను. నాది నేను మోసుకుంటాను. మీది మీరే మేడెక్కించండి."

"నేనా?" పేపరు కిందికి దిగింది.

ఆమె కూతురివైపే బిక్కుబిక్కుమంటూ చూసింది.

కూతురు తలెత్తింది. "అమ్మా, ఇలాంటి బకెట్ ఇంకోటుందా? మా ఆయనకి బస్సులో పట్టుకెళ్తాను."